మిషన్ పిల్లల్ని తీస్తుంది సరే, తల్లిని ఎక్కడి నుంచి తెస్తారు?

మీరు అడిగింది ఇదీ: నంద్యాల పక్కన ఎకరన్నర చేను ఉంది, రేకుల షెడ్డు వేసుకున్నారు, యాభై అరవై నాటుకోళ్లు పెంచాలనుకుంటున్నారు. గుడ్లకు చిన్న ఇంక్యుబేటర్ కొనాలా, పెట్ట కిందే పొదిగించాలా అని.

కొనొద్దు. ఆ డబ్బుతో పొదుగుకు బాగా కూర్చునే నాటుపెట్టల్ని రెండో మూడో సంపాదించండి. సమాధానం ఇంతే. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానో కింద రాస్తాను, ఓపిక ఉంటే చదవండి.

మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. దొడ్లో కోళ్లు, కొట్టంలో రెండు ఎనుములు, కాస్త అవతల చెనక్కాయ చేను. మిషన్ గురించి తెలియక మాట్లాడటం లేదు. అది మా ఇంట్లోనూ ఉంది. మా ఆయన యూట్యూబ్‌లో చూసి తెప్పించాడు. థర్మాకోల్ పెట్టె, లోపల చిన్న ఫ్యాను, పైన ఎర్ర అంకెలు. 37.5 డిగ్రీలు ఉండాలి, తేమ 50, 60 శాతం మధ్య ఉండాలి, గుడ్లను రోజుకు కనీసం మూడుసార్లు తిప్పాలి, 18వ రోజున తిప్పడం ఆపి తేమ పెంచాలి, 21వ రోజుకు పిల్లలు రావాలి. ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. అబద్ధాలేం కాదు, ఆ లెక్క పాటిస్తే పిల్లలు వస్తాయి కూడా.

నా కడుపుమంట ఆ వీడియోల మీద. పిల్ల పెంకు పగలగొట్టి తడితడిగా బయటికి రాగానే పాట వేసి వీడియో ఆపేస్తారు. ఆ పైన "నెలకు లక్ష ఆదాయం" అని ఒక బొమ్మ. తర్వాతి నెలన్నర ఒక్కడూ చూపించడు. కోడిపిల్లలు చచ్చేదంతా ఆ నెలన్నరలోనే. చలికి కొన్ని, పారుడుకు కొన్ని, కాకి ఎత్తుకుపోయేవి కొన్ని, నీళ్ల పళ్లెంలో పడి కొన్ని. పొదగడం మూడు వారాల పని, అది పెట్టెతో అవుతుంది. ఆ తర్వాతి తల్లి పనికి ఏ పెట్టె పనికొస్తుంది?

ఒక మే నెలలో జరిగింది చెప్తాను. మిషన్‌లో పిల్లలు ఆ పొద్దున్నే దిగాయి. అట్టపెట్టెలో వడ్ల పొట్టు పోసి, పైన బల్బు వేలాడదీసి అందులో వదిలాం. మొదటి వారం పిల్లలకు 35 డిగ్రీల వేడి కావాలి, ఆ తర్వాత వారానికి కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రావాలి. సాయంత్రానికి గాలివాన లేచింది. ఎక్కడో స్తంభాలు పడిపోయాయి, ఊరంతా చీకటి. ఎండాకాలమే కదా అనుకుంటారు గానీ, వాన వెలిసిన రాత్రి మా వైపు గాలికి ఒళ్లు జిల్లుమంటుంది. ఇన్వర్టర్ కాసేపు లాగి చేతులెత్తేసింది. పిల్లలన్నీ ఒక మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. అలా ఎక్కితే కిందివి ఊపిరాడక చస్తాయి. విడదీస్తే మళ్లీ ఎక్కుతాయి. ఒకటే కీచుకీచు. మా ఆయన సీసాల్లో వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి పెట్టెలో పెడుతున్నాడు, అవి చల్లారుతుంటే మళ్లీ పొయ్యి వెలిగిస్తున్నాడు. టెన్షన్‌తో ఇద్దరం ఒకరి మీద ఒకరం అరుచుకుంటున్నాం.

మా అత్త అంతసేపూ ఏం మాట్లాడలేదు. భోంచేసి, చేయి కడుక్కుని, "కొట్టంలో నల్లపెట్ట ఉంది కదా, దాని కిందికి తోద్దాం పట్టండి" అంది. ఆ పెట్ట గంపలో పొదుగు మీద ఉంది. దాని గుడ్లు కూడా ముందురోజు సాయంత్రం నుంచే పగులుతున్నాయి. నేను సెల్‌ఫోన్ టార్చ్ వేసుకుని వెంటపోతే కసిరింది. "ఆ లైటు ఆపు. దానికి కళ్లు కనపడితే పని చెడుతుంది."

పిల్లల్ని కొంగులో పోసుకుని గంప వెనక్కి చేరి కూర్చుంది. ఎడమచేత్తో పెట్ట రొమ్ము కింద ఖాళీ పెంకులు తీస్తోంది, కుడిచేత్తో వెనకవైపు నుంచి, రెక్క కిందుగా, ఒక్కో పిల్లను లోపలికి తోస్తోంది. పెట్ట ఒకసారి చేతిని గట్టిగా పొడిచింది. అత్త చేయి తీయలేదు. పిల్ల రెక్క కిందికి పోయిందో లేదో కీచుమనడం ఆగిపోతుంది. పెట్ట గొంతులోనే చిన్నగా "క్లుక్ క్లుక్" అంటుంది. ఒకటి పెట్టి కాసేపు ఆగుతుంది, మళ్లీ ఒకటి. కొంగు ఖాళీ అయ్యేసరికి బాగా పొద్దుపోయింది. మంచి సైజు నాటుపెట్ట పది పన్నెండు గుడ్లను కప్పుతుంది, కానీ పిల్లలైతే ఇంకొన్ని ఎక్కువే పడతాయి.

చీకట్లోనే ఎందుకంటే, పెట్టకు లెక్క రాదు గానీ చూపు ఉంది. పగటి పూట తన పిల్లల్ని చూసుకున్నాక వేరే పిల్లను తెచ్చి పెడితే పొడిచి చంపేస్తుంది. రాత్రి రెక్క కింద చేరినదాన్ని తనదే అనుకుంటుంది. రెండు గుంపుల వయసూ దాదాపు ఒకటై ఉండాలి. నాలుగైదు రోజులు పెట్టెలో పెరిగిన పిల్ల రెక్క కింద నిలవదు, బయటికే పరిగెడుతుంది. తెల్లారి గంప ఎత్తితే ఆ పెట్ట రెక్కలు దించుకుని, అమ్మవారి జాతరలో ముందు నడిచే పెద్దమ్మలాగా, అన్నింటినీ వెంటేసుకుని బయటికి వచ్చింది. తెల్లటి పిల్ల ఒక్కదాన్ని మాత్రం ఒప్పుకోలేదు, దగ్గరికి వచ్చినప్పుడల్లా ముక్కుతో కొట్టింది. దాన్ని తీసి వేరే పెట్టకు అంటగట్టాం.

వేడి ఒక్కటే కాదు. అంతకుముందు మేం పెట్టెలో పెంచిన పిల్లలు గద్ద నీడ పడితే తలెత్తి చూస్తూ నిలబడేవి. పెట్ట వెంట తిరిగే పిల్లలైతే అది ఒక్క అరుపు అరవగానే కంపకిందికి దూరిపోతాయి. ఏది తినాలో తల్లే చూపిస్తుంది. గింజను ముక్కుతో ఎత్తి, కింద వేసి, మళ్లీ ఎత్తి పిలుస్తుంది. పెట్టె పిల్లలకు మనం కాగితం మీద రాగులు చల్లి, వేలితో టకటకా కొట్టి నేర్పాలి. మీకు ఉద్యోగం ఉందో లేదో రాయలేదు, ఉంటే ఆ వేలు కొట్టే పని ఎవరికి అప్పజెప్తారు?

జాతి గురించి కూడా రాసి ఉంటే బాగుండేది. వనరాజా, గ్రామప్రియ హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థవాళ్లు తీసిన రకాలు. గుడ్లు బాగా పెడతాయి, కానీ పొదుగుకు కూర్చోవు. మధ్యప్రదేశ్ ఝాబువా నల్లకోడి కడక్‌నాథ్‌ను, 2018లో జీఐ గుర్తింపు (ఫలానా చోటిదని సర్కారు వేసే ముద్ర) వచ్చాక, మా వైపు కూడా వెర్రిగా కొన్నారు. అది కూడా సరిగా పొదగదు. ఏ రకం గుడ్లు కొన్నా చివరికి కూర్చునేది మన నాటుపెట్టే. ఏడాదికి యాభై అరవై గుడ్లే పెడుతుందని దాన్ని చిన్నచూపు చూస్తారు. పొదుగు మీద మూడు వారాలు, పిల్లలతో రెండు నెలలు పైన, అన్నాళ్లూ అది గుడ్డు పెట్టదు మరి. మీ లెక్క గుడ్ల అమ్మకమైతే నా మాట వినకండి. ఒకరోజు వయసు పిల్లల్ని అమ్ముకునే వ్యాపారమైతే మిషన్ కావాలి, దానికి జనరేటర్ కూడా కావాలి.

మాంసానికైతే మీకు అమ్ముకునే బాధ ఉండదు, అడిగేవాళ్ల బాధే. ఉగాది మరుసటి రోజుకు వారం ముందే ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, ఒక పుంజు ఉందా, సంగటిలోకి" అంటారు. డబ్బు మాట ఎత్తితే చుట్టరికం గుర్తుచేస్తారు. నూకలకు, తవుడుకు, మందులకు ఒక్క చుట్టమూ చుట్టరికం గుర్తుచేయడు.

మీ దగ్గర ముఖ్యమైన గండం ఎండ. నంద్యాల ఎండ సంగతి మీకు నేను చెప్పాలా? మార్చి దాటాక గుడ్లు పోగుచేసి పొదుగుకు పెడితే సగం మురిగిపోయాయని ఏడుస్తారు. పెట్ట తప్పు కాదది. గది వేడి 27 డిగ్రీలు దాటితే గుడ్డు లోపల పిండం కొద్దికొద్దిగా పెరగడం మొదలుపెడుతుంది. పొదిగేంత వేడి లేక మధ్యలోనే చస్తుంది. అందుకని ఎండాకాలంలో మూడు నాలుగు రోజుల గుడ్లకు మించి దాచొద్దు. మామూలు రోజుల్లో అయినా వారమే. మా అత్త నీళ్ల కుండ పక్కన తడి ఇసుక మీద గంప పెట్టి, సన్నటి కొన కిందికి ఉండేటట్టు గుడ్లు నిలబెడుతుంది. కడగదు. పొదుగు గంపలో ఒక ఇనుప ముక్క, ఒక ఎండుమిరపకాయ, ఒక బొగ్గు వేస్తుంది, ఉరుములకు గుడ్లు చెడకుండా. ఉరుముకూ మిరపకాయకూ ఏం సంబంధమో నాకు తెలియదు, కానీ వేయొద్దని చెప్పే ధైర్యం ఈ ఇంట్లో ఎవరికీ లేదు. గంప అడుగున బూడిద, వేపాకు వేయడం మాత్రం తప్పనిసరి. పేలు పడితే పెట్ట మధ్యలోనే లేచిపోతుంది. ఏడో రోజు రాత్రి టార్చ్ మీద గుడ్డు పెట్టి చూడండి, ఎర్రటి నరాలు కనిపిస్తే ఉంచండి, నీళ్లలా తేటగా ఉంటే అది పుంజు తొక్కని గుడ్డు, తీసేయండి.

మేత ఖర్చుకు భయపడి కొందరు బూజు పట్టిన చెనక్కాయలు, నూనె తీయగా మిగిలిన పాత చెక్క కోళ్లకు వేస్తారు. మా మరిదితో నాకు దీని మీద పెద్ద గొడవే అయింది. "మనుషులు తినలేనిది కోడి తింటుంది" అంటాడు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చాయి. బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండిలో బూజు విషం ఉందని అప్పుడే తేలింది, ఆఫ్లాటాక్సిన్ అనే పేరు ఆ గొడవలోనే పుట్టింది. చెనక్కాయ పండించే అనంతపురం జిల్లాలో ఈ ముక్క ప్రతి ఇంటి గోడ మీదా రాయాలి. చౌక మేత కావాలంటే పాత కుండలో గడ్డి, ఎండు పేడ, గోనె ముక్క వేసి తడిపి, చెదలు ఉన్న చోట బోర్లించండి. తెల్లారి ఎత్తి, లోపల చేరిన చెదపురుగుల్ని కోడిపిల్లల ముందు దులపండి. కోడిపిల్లకు అంతకంటే బలం లేదు.

ఇక కొక్కెర తెగులు, అదే రాణిఖేత్. మెడ తిరిగిపోయి, పచ్చగా పారి, వారంలో దొడ్డి ఖాళీ. దీనికి వైద్యం లేదు, టీకా ఒక్కటే. 7వ రోజున కంట్లోనో ముక్కులోనో లసోటా అనే టీకా చుక్క, నాలుగో వారంలో మళ్లీ అదే, 8 వారాలకు ఆర్‌టూబీ అనే టీకా సూది. చిక్కేమిటంటే ఒక సీసా వంద పిల్లలకు సరిపోతుంది, కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి. మనకేమో పాతిక పిల్లలు. కాబట్టి చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు ముందే చెప్పి, ఒకే పొద్దున అందరి పిల్లలకూ వేయించాలి. ఐసు వేసిన ఫ్లాస్కులో సీసా పెట్టుకుని బస్సులో వస్తుంటే కండక్టర్ ఏముందమ్మా అందులో అని అడుగుతాడు, ఏం చెప్పను? నన్ను ఎక్కువ కాల్చేది ఇంకొకటి. దొడ్లో రెండు కోళ్లు తూలగానే మిగతావాటిని బుట్టలో వేసుకుని సంతకు పరిగెత్తేవాళ్లు. వాళ్లకు నాలుగు రాళ్లు మిగులుతాయి, కొన్న ఊరికి తెగులు పోతుంది. అందుకే కొత్తగా తెచ్చిన కోడి ఎంత బాగున్నా రెండు వారాలు వేరే గూట్లోనే ఉంచండి.

రేకుల షెడ్డు ఎటూ కట్టేశారు కాబట్టి పైన కొబ్బరి మట్టలు గానీ వరిగడ్డి గానీ మందంగా పరిచి, మధ్యాహ్నం నీళ్లు చల్లండి. పొదుగు గంపలు మాత్రం ఆ షెడ్డులో పెట్టొద్దు. ఇంటి గోడ నీడనో చెట్టు కిందనో, పిల్లీ ముంగిసా రాని చోట పెట్టండి.

పెట్టల కోసం సంతకు పోకండి. బాగా పొదిగే పెట్టను ఎవరూ సంతకు తేరు. మీ చుట్టుపక్కల పల్లెల్లో దొడ్డి నిండా కోళ్లున్న ముసలమ్మల దగ్గరికి పొండి. పుంజు అడిగితే వాళ్లు ఊరికే ఇస్తారు, పొదుగుపెట్ట అడిగితే బేరం పెడతారు. ఆ బేరానికి ఒప్పుకోండి. కొనేముందు చేయి దాని పొట్ట కిందికి పోనివ్వండి. ఈకలు ఊడి చర్మం వేడిగా తగలాలి, ఒళ్లంతా ఉబ్బించుకుని మీ చేతిని పొడవాలి, అయినా గూడు వదిలి లేవకూడదు. చేయి పెట్టగానే లేచి పారిపోయేదాన్ని మాత్రం కూరకు తప్ప దేనికీ కొనకండి.