మెంటల్ హెల్త్ ట్రీట్‌మెంట్ ముందు ముందు ఎలా ఉంటుంది? డాక్టర్లు లేని ఊళ్ళ సంగతేంటి?

నా ఉద్దేశంలో ఇది పెద్దాసుపత్రుల నుంచి వీధి అరుగు మీదకి వస్తుందండి. జింబాబ్వేలో 2006లో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్ట్ 14 మంది అవ్వలకి, మనసు బాగోలేనివాళ్ళతో మాట్లాడడంలో ట్రైనింగ్ ఇచ్చి, క్లినిక్ బయట బల్ల మీద కూర్చోబెట్టారు, దాని పేరు ఫ్రెండ్‌షిప్ బెంచ్. 573 మందితో చేసిన స్టడీ 2016లో జామా అనే మెడికల్ జర్నల్‌లో వచ్చింది, 6 నెలలకి అవ్వలతో మాట్లాడినవాళ్ళలో డిప్రెషన్ లక్షణాలు బాగా తగ్గాయి. అక్కడ ఈ బాధని 'కుఫుంగిసిసా' అంటారు, అంటే అతిగా ఆలోచించడం. మన శ్రీకాకుళంలో మనాది పెట్టుకుంది అంటాం చూడండి, దాదాపు అదే.

మా టెక్కలి వైపు ఒక పిన్ని, కొడుకు చెన్నై పనికెళ్ళాక నెలల తరబడి నిద్రపోలేదు, అన్నం కలిపి అలాగే పట్టుకుని కూర్చునేది, గాలి సోకిందని తాయెత్తు కట్టించారు గానీ వైజాగ్ తీసుకెళ్దామంటే "పిచ్చాసుపత్రికా, నలుగురూ ఏటంటారు" అనీసి ఏడ్చింది. అదే వీధిలో ఆశా వర్కర్ రోజూ పక్కన కూర్చుని మాట్లాడుంటే వద్దనేది కాదు, నాకు నమ్మకం.

ఇంక ఫోన్లు. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్ అనే గవర్నమెంట్ మెంటల్ హెల్త్ హెల్ప్‌లైన్ నంబర్ 14416, ఫ్రీ, 24 గంటలూ, తెలుగులో మాట్లాడొచ్చు. ఏఐ చాట్‌బాట్లు కూడా వస్తున్నాయి, కానీ చచ్చిపోవాలనిపిస్తోంది అనే మనిషిని వాటికి వదిలేయొద్దు, దయచేసి. లేని మాటలు వినిపించే స్కిజోఫ్రీనియా లాంటి వాటికి మందులూ డాక్టరూ కావాల్సిందే, అవి జిల్లా ఆసుపత్రిలోనే ప్రతి నెలా దొరికేలా అడగాలి మనం.