మూడో గడి గురించి బుజ్జికి

చిరంజీవి బుజ్జికి,

ప్రభువు నామంలో పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మీ అమ్మ చర్చి మెట్ల మీదే నన్ను ఆపి చెప్పింది, మీ యూనివర్సిటీలో పిల్లల సమగ్ర వికాసాన్ని అంచనా వేసే కమిటీకి నిన్ను కన్వీనరుగా వేశారని. చెప్పేటప్పుడు దాని మొహం చూడాలి నువ్వు. నా మొహమూ అలాగే ఉండి ఉంటుంది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదారి దాటి నర్సాపురం వచ్చి చదువుకున్నదాన్ని నేను. మన ఇంటి పిల్ల యూనివర్సిటీలో కమిటీ నడుపుతోందంటే పొంగిపోనా?

ఇంటికొచ్చి కాఫీ పెట్టుకుని కూర్చున్నాక భయం మొదలైంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ భయం ఎందుకన్నది మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఫోనులో చెబితే నువ్వు ‘సరే పెద్దమ్మా’ అని పెట్టేస్తావు, అందుకే ఉత్తరం.

ముందు మామూలు సంగతులు. ప్రశ్నలు పిల్లలకి బాగా వచ్చిన భాషలో ఉండాలి. ఫారం రెండు పేజీలు దాటకూడదు. పరీక్షల వారంలో పంచకు. ఫారం ఒక్కదాన్నే నమ్ముకోకుండా పిల్లలతో కూర్చుని మాట్లాడు. హాస్టలు వంటమనిషిని కూడా అడుగు, ఎవరు తినడం మానేశారో ఆవిడకే ముందు తెలుస్తుంది. కాలేజీలకి గ్రేడు ఇచ్చే నాక్ వాళ్ళకి చూపించే ఫైలు వేరు, పిల్లల మేలు కోసం రాసుకునేది వేరు. రెండూ కలిపావంటే మొదటిది రెండోదాన్ని మింగేస్తుంది. ఇవన్నీ నీకు తెలిసినవే.

మీ అమ్మమ్మ లేసు అల్లేది, నీకు గుర్తుండదులే, నువ్వు పుట్టేసరికే ఆవిడకి చూపు తగ్గిపోయింది. ఏజెంటు నూలు ఇచ్చేటప్పుడు తూచి ఇచ్చేవాడు, లేసు తీసుకునేటప్పుడు మళ్ళీ తూచేవాడు. తేడా వస్తే కూలిలో కోత. మనిషి పీనాసే గానీ లెక్క మాత్రం సరైనది. ఎంత నూలు ఇచ్చాడో రాసుకోకుండా చివర్లో లేసు తూస్తే ఏం తెలుస్తుంది? మీరూ మూడో ఏడాది పిల్లల్ని వేదిక ఎక్కించి ‘మా దగ్గర చదివి ఎంత ధైర్యంగా మాట్లాడుతున్నారో చూడండి’ అంటే, ఆ ధైర్యం వాళ్ళు ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్నదేమో ఎవరికి తెలుసు? అమెరికాలో అలెగ్జాండర్ ఆస్టిన్ అనే ప్రొఫెసరు చెప్పిందీ ఇదే. పిల్ల వచ్చేటప్పుడు ఏం తెచ్చుకుంది, మీ దగ్గర ఏం దొరికింది, వెళ్ళేటప్పుడు ఎలా ఉంది, మూడూ చూడాలన్నాడు. కాబట్టి చేరిన నెలలోనే మొదటి ఫారం నింపించు.

అందులోనూ ఒక మెలిక ఉంది. చేరినప్పుడు ‘నీకు ఓర్పు ఎంత?’ అని అడిగితే పదికి తొమ్మిది వేసుకున్న పిల్ల, మూడేళ్ళయ్యాక ఆరు వేసుకుంటుంది. దిగజారిపోయిందని రిపోర్టు రాసేయకు. ఇంట్లో ఒక్కతే గదిలో పెరిగిన పిల్ల ఆరుగురితో ఒక బాత్రూమ్ పంచుకున్నాక గానీ ఓర్పంటే ఏంటో తెలియలేదన్నమాట. చివరి ఫారంలో ఇంకో ప్రశ్న పెట్టు: ‘చేరిన రోజున నువ్వు ఎలా ఉండేదానివో ఇప్పుడు తలచుకుంటే ఎంత వేస్తావు?’ నాలుగో మూడో వేస్తుంది చూడు, నవ్వుకుంటూ.

ఇప్పుడు అసలు సంగతి.

1984లో నన్ను హాస్టలు వార్డెనుగా వేశారు. కాలేజీ పేరు ఎందుకులే. ముప్పై దాటిన వయసు, వద్దన్నా ఆగని ఉత్సాహం. లూకా సువార్త రెండో అధ్యాయం 52వ వచనం ఆదివారం బడి నుంచే మనకి నోటికొచ్చు కదా, యేసు జ్ఞానమందును, వయస్సునందును, దేవుని దయయందును, మనుష్యుల దయయందును వర్ధిల్లుచుండెను అని. మీరు సమగ్ర వికాసం అంటున్నదంతా ఆ ఒక్క వాక్యంలో ఉందని నేను ఇప్పటికీ అంటాను. కానీ నేనేం చేశానంటే, ఆ వాక్యాన్ని తీసుకెళ్ళి రిజిస్టరులో నాలుగు గడులు గీశాను. గడికి 25, మొత్తం 100. ప్రిన్సిపాల్ గారు చూసి మెచ్చుకుని, మొదటి పదిమందికి మెస్ బిల్లులో రాయితీ ఇద్దామన్నారు. అక్కడే చెడింది.

తెల్లారి ఐదున్నరకి ప్రార్థన. రోజుకొక పిల్ల ముందుకొచ్చి ప్రార్థన చేయాలి. నేను వెనక కుర్చీలో రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని, చేతిలో ఆకుపచ్చ సిరా పెన్ను. గోదారి మధ్య లంక ఊరి నుంచి వచ్చిన ఒక పిల్ల ఉండేది. ప్రార్థన మొదలుపెడితే నిద్రమొహాలు కూడా తలెత్తి వినేవి, అంత చక్కటి గొంతు. మూడో గడిలో, అదే దేవుని దయ గడిలో, ఆ పిల్లకి ఎప్పుడూ 23కి తగ్గలేదు. ఆ మోజులో పక్కన ‘మనుష్యుల దయ’ గడిలో కూడా చూడకుండానే 22 వేసేదాన్ని. 1920లోనే థార్న్‌డైక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఈ జబ్బు గురించి రాశాడు, సైన్యంలో అధికారులు కిందివాళ్ళలో ఒక గుణం నచ్చితే మిగతా గుణాలన్నిటికీ అదే లెక్కన మార్కులు వేస్తారని. బి.ఎడ్.లో చదివి, పరీక్షలో రాసి, పాసై వచ్చినదాన్నే నేను.

ఒకరోజు ఆ పిల్ల ప్రార్థన మధ్యలో నా పెన్ను ఆగిపోయింది. విదిలించాను, రాలేదు. పాళీ నోటి దగ్గర పెట్టుకుని ఊదాను. గదంతా నిశ్శబ్దం. తలెత్తి చూస్తే ఆ పిల్ల ఆగి ఉంది. కళ్ళు మూసుకునే ఉంది, చేతులు జోడించుకునే ఉంది. ‘పరలోకమందున్న మా తండ్రీ, ఈ దినము’ అన్నదగ్గర ఆగి, ఎదురు చూస్తోంది. ఇంకోసారి గట్టిగా విదిలిస్తే సిరా దిగింది. కాగితం మీద పాళీ బరబరమంది. అప్పుడు ‘మమ్మును కాపాడుము’ అని అందుకుంది.

వెనక ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. నేనూ నవ్వుకున్నాను. సాయంత్రం స్టాఫ్ రూమ్‌లో జోకులా చెప్పాను కూడా. ఆ రోజు మార్కు ఎంత వేశానో తెలుసా? 24.

1986 ఆగస్టులో గోదారి వచ్చింది. ఆ వరద సంగతి నీకు చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాం. లంకల్లోంచి వచ్చిన జనం మా తరగతి గదుల్లో ఉన్నారు. పదిహేను రోజులు రిజిస్టరు ఎక్కడుందో కూడా నాకు గుర్తులేదు. ఒక రాత్రి లాంతరు పట్టుకుని వరండాలో వస్తుంటే, ఆ పిల్ల ఒక ముసలమ్మ తలకి కొబ్బరినూనె రాస్తోంది. గేదెలు కొట్టుకుపోయాయని ముసలమ్మ ఏడుపు. ఈ పిల్ల నూనె చెయ్యి తీయకుండానే ‘ప్రభువా, మామ్మ గేదెలు’ అంది. ఆ మూడు మాటలే. నేను లాంతరు వత్తి తగ్గించి వెనక్కి వెళ్ళిపోయాను.

నీళ్ళు తీశాక, గదులు కడిగాక, నేను రిజిస్టరు మళ్ళీ తెరిచాను. ప్రార్థనలు మళ్ళీ పొడుగయ్యాయి. ఆ పిల్ల దొంగ భక్తురాలు కాదే బుజ్జీ, అలా అయితే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

పదేళ్ళ కిందట పాలకొల్లులో ఒక పెళ్ళిలో కనపడింది. బ్యాంకులో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. భోజనాల దగ్గర నా పక్కనే కూర్చుని, కోపంగా కాదు, గోంగూర కలుపుకుంటూ చెప్పింది. “మేడమ్, ఇప్పటికీ ఒక్కదాన్నే మోకరిస్తే నాకు మాట రాదు. ఎవరో రాసుకుంటున్నట్టు ఉండాలి.” ఏం అనాలో తెలియక వడ్డించే అబ్బాయిని మజ్జిగ అడిగాను. ఆ మజ్జిగ కూడా తాగలేదు.

అదే రిజిస్టరులో ఇంకో పాపం ఉంది. హాస్టలులో హిందూ పిల్లలు తొమ్మిదిమంది. వాళ్ళకి మూడో గడి ఖాళీగా వదిలేసి న్యాయం చేశాననుకున్నాను. ఏడాది చివర్లో గుమాస్తా కూడితే ఖాళీ కాస్తా సున్నా అయింది. అందరికీ లెక్క 100కి, వాళ్ళకి మాత్రం 75కే. రాయితీ జాబితాలో ఒక్కరి పేరూ లేదు. వాళ్ళలో ఒక కౌలు రైతు కూతురు నా గదికొచ్చి అడిగింది, “మేడమ్, ఇంటి దగ్గర రోజూ తులసికోట దగ్గర దీపం పెట్టేదాన్ని. అది ఏ గడిలోకి వస్తుంది?” అని. జవాబు చెప్పలేకపోయాను. మైనారిటీలుగా మన సంస్థలు మనం నడుపుకునే హక్కు రాజ్యాంగం 30వ అధికరణ ఇచ్చింది, నిజమే. కానీ ప్రభుత్వం గుర్తించిన సంస్థలో ఎవరినీ ఇష్టం లేకుండా మతబోధకీ ఆరాధనకీ రమ్మనకూడదని 28(3) కూడా ఉంది. బలవంతం అంటే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళడమే కాదు. మెస్ బిల్లు చూపించి లాగడం కూడా.

మూడో గడి తీసేయమని నేను అనడం లేదు. తీసేస్తే మీరు క్రైస్తవ యూనివర్సిటీ అని బోర్డు ఎందుకు? అడుగు, కానీ అంకె వద్దు. పేరు లేకుండా, ఇష్టమైతేనే, రెండు మాటలు రాయనివ్వు. అవి చదివి పరీక్ష పెట్టుకోవాల్సింది మీకు మీరే. కష్టం వచ్చిన రోజున ఇక్కడ నీ దగ్గర ఎవరైనా కూర్చున్నారా? చాపెల్‌లో విన్న మాట మీద అనుమానం వస్తే పైకి అడగగలిగావా? ఇలాంటివి అడిగితే మార్కులు పడేది పిల్లకి కాదు, మీకు. సేవ సంగతికొస్తే, జాతీయ సేవా పథకం, అదే ఎన్.ఎస్.ఎస్.లో రెండేళ్ళకి 240 గంటలని లెక్క ఉంది, ఆ లెక్క రాసుకోండి, పని జరిగిందో లేదో తెలుస్తుంది. దాన్ని తీసుకెళ్ళి ‘కరుణ: 18’ అని వేయకండి. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు పేరు పెట్టుకున్న చోట, సెల్ఫీ తెచ్చినవాళ్ళకి మార్కులా?

మీ వాళ్ళు ఒప్పుకోరు, నాకు తెలుసు. అంకె లేకపోతే అంచనా ఎలా అంటారు. వాళ్ళకి ధవళేశ్వరం సంగతి చెప్పు. బ్యారేజి దగ్గర నీళ్ళు 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ అంకెలు మాకు ప్రాణం, ఆగస్టు వస్తే టీవీ ముందు నుంచి లేవం. కానీ గోదారి ఆ గీతల్ని చూసి పెరగదు, తగ్గదు. ఆడపిల్ల చూస్తుంది. ఇంకోటి కూడా ఉంది. ఏ హెచ్చరికకి ఏం చేయాలో అధికారులకి ముందే తెలుసు, పడవలు ఎక్కడికి పంపాలో, ఎవరిని ఖాళీ చేయించాలో. మీ ఫారంలో ప్రతి ప్రశ్న పక్కనా రాసుకో, జవాబు చెడ్డగా వస్తే మేం ఏం చేస్తాం అని. అక్కడ రాయడానికి ఏమీ లేకపోతే ఆ ప్రశ్న కొట్టెయ్.

ఇక ఆ కాగితాలు ఎవరి చేతిలో పడతాయన్నది నా రెండో భయం. నువ్వు నవ్వుతావు, కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ ఉంటుంది పెద్దమ్మా అంటావు. మా రిజిస్టరుకీ బీరువా ఉండేది, తాళంచెవి నా కొంగుకే ఉండేది. ఒక పెద్దమనిషి తన తమ్ముడికి సంబంధం చూస్తూ వచ్చి, ఫలానా పిల్ల ప్రార్థనకి సరిగ్గా వస్తుందా అని అడిగాడు. రిజిస్టరు చూపించలేదు నేను. నోటితో చెప్పేశాను. ఆ సంబంధం తప్పిపోయింది. నా మాట వల్లేనా అని ఎవరినీ అడగలేదు, ధైర్యం లేక. ఇప్పుడైతే 2023లో వ్యక్తిగత డేటా రక్షణకి చట్టమే వచ్చింది. అయినా నోటికి చట్టం లేదు. పిల్ల దిగులుగా ఉందని ఫారంలో రాసుకుంటే కౌన్సెలరు తప్ప ఇంకెవరూ చూడకూడదు. ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే తప్ప ఇంటికి ఫోను చేయకండి. మన వైపు తల్లిదండ్రులు దిగులు అనే మాట వింటే పెట్టె సర్దించి తీసుకొచ్చేస్తారు, ఆపైన చదువు ఉండదు. అలా వెళ్ళిపోయిన పిల్లల్ని పంటు దాకా దిగబెట్టి వచ్చాను నేను.

చాలా తిట్టినట్టున్నాను. నిన్ను కాదే తల్లీ, నన్నే. నువ్వు చిన్నప్పుడు వాక్య కంఠత పోటీలో మధ్యలో మర్చిపోయి, ఏడవకుండా ‘మిగతాది రేపు చెప్తాను’ అని దిగి వచ్చేశావు. ఆ రోజే అనుకున్నాను, ఈ పిల్లకి జడ్జీల భయం లేదని. నీలాంటిది ఆ కుర్చీలో ఉంటే మంచిదే. రాత్రిళ్ళు మేలుకుని చేయకు ఆ పని, నీకు తలనొప్పి ఉంది.

మీ అమ్మ చేత మామిడి తాండ్ర పంపుతున్నాను, చీమలు పట్టకుండా డబ్బాలో పెట్టుకో. ఆ ఫారం తయారయ్యాక పిల్లలకి ఇచ్చే ముందు మీ కమిటీ వాళ్ళందరూ ఒకసారి నింపండి, వీసీ గారితో సహా. నాకూ ఒకటి పంపు. పెన్సిలుతో నింపుతాను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ
నర్సాపురం