ఎడారి పూలు చూడబోతున్న చిట్టితల్లికి

చిరంజీవి చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఏప్రిల్ సెలవుల్లో లడఖ్ వెళ్ళి, ఆ ఎడారిలో పూచే అడవిపూలు చూడాలనుకుంటున్నానని రాశావు. ముప్పై ఏళ్ళు పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పి, అక్కడికి రెండుసార్లు వెళ్ళివచ్చిన నన్ను ఈ సంగతి అడిగినందుకు ఎంత సంతోషపడ్డానో మీ అమ్మ చెబుతుంది.

ముందు ఏ నెలలో వెళ్తావో తేల్చుకో. ఏప్రిల్లో అక్కడ పూచేది ఆప్రికాట్ చెట్టు, ఊళ్ళవాళ్ళు పెంచుకున్న తోట. ఆకు రాకముందే కొమ్మలన్నీ తెల్లటి, లేత గులాబీ పూలతో నిండిపోతాయి. వెనక బూడిదరంగు కొండ, దాని నెత్తిన మంచు. ఎంతసేపు చూసినా తనివి తీరదు. కానీ నేలమీద తనంతట తాను మొలిచి పూసే పువ్వు కావాలంటే జూన్ మధ్య నుంచి ఆగస్టు మధ్య లోపల వెళ్ళాలి. ఏప్రిల్లో ఆ ఎత్తైన మైదానాల మీద రాత్రిపూట నీళ్ళు గడ్డకట్టుకుపోతాయి, నేల ఇంకా నిద్ర లేవదు. ఫొటోలు చూసి చాలామంది ఈ రెండు కాలాలనూ కలిపేసుకుంటారు, నువ్వూ అలాగే అనుకున్నట్టున్నావు. ఒక్కసారే వెళ్ళగలిగితే మాత్రం జూన్ ఆఖరి వారానికి టికెట్టు తీసుకో. ఇది నా గట్టి అభిప్రాయం.

సెలవు ఏప్రిల్లోనే దొరికితే లేహ్‌లో కూర్చుని చెట్టు ఎప్పుడు పూస్తుందా అని ఎదురుచూడకు. సింధు నది వెంట పడమటికి దిగు. దా, హను, స్కుర్‌బుచన్ లాంటి ఊళ్ళు లేహ్ కన్నా పల్లంలో ఉంటాయి కనుక అక్కడ ముందు పూస్తుంది. తరువాత వసంతం లోయ వెంట మెల్లగా పైకి ఎక్కుతూ లేహ్ చేరేసరికి ఏప్రిల్ నెలాఖరు అవుతుంది. నువ్వూ దాని వెంటే పైకి రా. దా, హను ఊళ్ళలో ఆడవాళ్ళే కాదు, మగవాళ్ళు కూడా తలమీద పూలు పెట్టుకుంటారు. తలలో పువ్వు లేనిదే గడప దాటని అమ్మమ్మ చేతిలో పెరిగినదానివి, నీకు వాళ్ళతో మాట కలపడం ఏమంత కష్టం కాదు. 'జూలే' అను. నమస్కారానికీ, ధన్యవాదానికీ ఆ ఒక్క మాటే. ఫొటో తీసే ముందు మాత్రం అడుగు. ఇంట్లోకి పిలిచి ఎండు ఆప్రికాట్లు పెడితే వద్దనకు. అందులో రక్త్‌సే కార్పో అనే తెల్లగింజ రకం ఉంటే అడిగి మరీ తిను. మన ఆత్రేయపురం పూతరేకులకు ఉన్నట్టే దానికీ భౌగోళిక గుర్తింపు ఉంది.

ఇక నేను నిజంగా చెప్పదలచుకున్నది నీ కళ్ళ గురించి. మనం కడియం తోటల్లో ఎకరాలకు ఎకరాలు బంతి, చేమంతి విరగబూయడం చూసినవాళ్ళం. కోనసీమలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, లేహ్‌లో పడేది సుమారు వంద. నైరుతి మేఘాలను హిమాలయాలు ఆవలికి దాటనివ్వవు. అంత తక్కువ నీటితో బతికే చోట పువ్వు మన కోసం ఎదురురాదు. మొదటిసారి జూలైలో వెళ్ళినప్పుడు రెండు రోజులపాటు కారు కిటికీలోంచి నాకు రాయి, మట్టి తప్ప ఏమీ కనబడలేదు. ఇంత దూరం ఎందుకు వచ్చానా అని దిగులు కూడా పడ్డాను. మూడో రోజు కొండదారిలో కారు ఆగితే దిగి నేలమీద కూర్చున్నాను. నా కాలి పక్కనే అరచేతి వెడల్పున ముళ్ళ దిండు లాంటి మొక్క, దానినిండా గులాబీరంగు పూలు. అకాంతోలిమాన్ దాని శాస్త్రీయనామం. తలెత్తి చూస్తే ఆ వాలంతా అవే. అంతసేపూ వాటి మధ్యనుంచే వచ్చానన్నమాట.

అది దిండులా ఎందుకుందో అక్కడ కూర్చుంటే నీకే అర్థమవుతుంది. నిలబడితే గాలి కోసేస్తుంది, నేలకు ఆనుకుని ఉన్నచోట గాలి జోరు ఉండదు. ఆకులన్నీ దగ్గరగా ముడుచుకున్న ఆ గుబురు లోపల బయటి గాలి కన్నా వెచ్చగా ఉంటుంది. కింద వేరు చాలా లోతుకు వెళ్ళి తడి వెతుక్కుంటుంది. ఇలాంటి మొక్కలు ఏడాదికి ఎదిగేది ఏ కొద్దిపాటో. అరచేతంత గుబురు వయసు నీ వయసుకన్నా ఎక్కువ కావచ్చు. అందుకని వాటిమీద అడుగు వేయకు, వేరు పెళ్ళగించకు, ఒక్క పువ్వు కూడా తుంచకు. ఈ విషయంలో నేను చాలా పట్టుదల మనిషిని, నీకు తెలుసు.

పువ్వు కోసం వెతకవద్దు, నీళ్ళు ఎక్కడున్నాయో చూడు. ఇది మనకు రావలసిన విద్యే. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలను మన దగ్గర వేసవి మరమ్మతులకు కట్టేసే రోజుల్లోనే అక్కడ మంచు కరిగి బోదెల్లోకి నీరు మొదలవుతుంది. దాన్ని పొలాలకు వంతులవారీగా పంచే మనిషిని చుర్పోన్ అంటారు. మన కాలువలమీద లస్కరు ఎలాగో, ఆ ఊళ్ళకు అతను అలాగ. ఆ బోదెల గట్లు పట్టుకుని నడు. జూన్‌లో గడ్డి దుబ్బుల మధ్య లేత ఊదారంగు ఐరిస్ పూలు కనిపిస్తాయి. పొలాల కంచెల్లో గులాబీరంగు అడవిరోజా పొదలు ఉంటాయి. వాళ్ళు దాన్ని సియా అంటారు. సియాచిన్ అంటే ఆ రోజాలు విరివిగా ఉన్న చోటని అర్థం. మనం వార్తల్లో వినే ఆ మంచు పేరు వెనక ఈ పువ్వు ఉందని తెలిసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

లోయ దిగువన ఎండ మాడ్చే రాళ్ళవాలుమీద కబ్రా అనే మొక్క పాకుతుంది. పెద్ద తెల్లపువ్వు, బయటికి చాచిన పొడుగాటి కేసరాలు. మన కంచెలమీద పాకే ఆదొండకు స్వయానా చుట్టం. సాయంత్రం విచ్చుకుని మర్నాటికి వాడిపోతుంది కాబట్టి పొద్దువాలే వేళకు వెళ్ళు. దేనికైనా మిట్టమధ్యాహ్నం మంచిది కాదు, ఆ ఎండలో రంగులన్నీ వెలిసిపోయినట్టు ఉంటాయి. లామయూరు దగ్గర పసుపు మట్టి దిబ్బలను కూడా పొద్దునే చూడు. ఒకప్పటి చెరువు అడుగున పేరుకున్న మట్టి అది. మన నేలను గోదావరి తెచ్చి పోసింది, వాళ్ళ కొండల్లో కొంత భాగం ఒకనాటి టెథిస్ సముద్రపు అడుగు పైకి లేచినది.

రోజులు మిగిలితే చాంగ్‌తాంగ్ వెళ్ళు, అసలైన పీఠభూమి అదే. సో మొరిరీ సరస్సు నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున ఉంటుంది. అదీ, మన కొల్లేరూ 2002లోనే రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచస్థాయిలో ముఖ్యమైన చిత్తడినేలల పట్టికలో చేరాయి. జూలైలో అలాంటి చిత్తడి పచ్చికల్లో వేలెడు ఎత్తున, పొడుగాటి గొట్టంలాంటి పసుపు పూలు గుంపులుగా పూస్తాయి. గట్టుమీద నుంచే చూడు, ఆ మెత్తటి నేలమీద అడుగుజాడలు చాలా కాలం ఉండిపోతాయి.

ఒంటి సంగతి తేలిగ్గా తీసుకోకు. మన ఊరు సముద్రమట్టానికి పట్టుమని పది మీటర్ల ఎత్తు కూడా ఉండదు, లేహ్ మూడున్నర వేల మీటర్లు. అక్కడ ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువు ఇక్కడి దానిలో సుమారు మూడింట రెండు వంతులే. విమానం దిగిన రోజూ, మర్నాడూ గదిలోనే ఉండు, నీళ్ళు బాగా తాగు. నేను దిగిన సాయంత్రమే మెట్లెక్కి కోట చూడబోయి, ఆ రాత్రంతా తలపోటుతో, వాంతులతో గడిపాను. మీ పెదనాన్న నిద్ర లేకుండా నా పక్కనే కూర్చున్నారు. బయలుదేరే ముందు డాక్టరును కలిసి మాత్రల సంగతి అడుగు. తలనొప్పి తగ్గకపోయినా, నడక తూలినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా ఇంకొక్క అడుగు పైకి వేయకు. డాక్టరుకు చూపించుకుని కిందికి దిగు, పువ్వు పోతే పోయింది.

సామాను పెద్దగా అక్కర్లేదు. చలికోటు, టోపీ, నల్లకళ్ళద్దాలు, మోకాళ్ళ కింద వేసుకోవడానికి మడతపెట్టిన తువ్వాలు, గీతల్లేని నోటుపుస్తకం. ఫొటో తీసే ముందు పువ్వు బొమ్మ గీయి, వంకర వచ్చినా ఫరవాలేదు. రేకులెన్నో, ఆకుమీద నూగు ఉందో లేదో గీసేటప్పుడే తెలుస్తుంది.

పదిరెట్లు పెద్దదిగా చూపించే నా భూతద్దం బీరువా పై అరలో ఉంది. తుడిచి, కొత్త తాడు కట్టి పెట్టాను. మీ పెదనాన్న వచ్చే శనివారం కాకినాడ వస్తున్నారు, ఆయనతో పంపుతాను. ఏ నెలకు వెళ్తున్నావో ఆయనతో కబురు చెప్పి పంపు.

ఇట్లు,
మీ పెద్దమ్మ