లైట్‌హౌస్‌లు గీస్తూ రాస్తున్న అమ్మాయికి

నెల్లూరు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ రాతప్రతి, బొమ్మల ఫొటోలు అందాయి. నింపాదిగా చదివాను. మొహమాటపడకుండా చెప్పమన్నావు గనక ముందే చెప్పేస్తున్నాను: నీ బొమ్మలకున్న చూపు నీ రాతకు ఇంకా రాలేదు. బొమ్మలో కంటికి కనబడిందే వేశావు. రాతకొచ్చేసరికి ఎవరెవరో ఎప్పుడో అనేసిన మాటలు తెచ్చి పెట్టావు. మొదటి పేజీలోనే రామాయపట్నం లైట్‌హౌస్ ‘ఒంటరి తపస్వి’ అయింది, ‘మౌనసాక్షి’ అయింది, ‘కడలి కాపరి’ కూడా అయింది. ఆ మూడూ కొట్టేయి. మన తీరంలో ఏ లైట్‌హౌస్ ఒంటరిగా ఉందమ్మా? దీపం చూసుకునే సిబ్బంది ఉంటారు. కూతవేటు దూరంలో పట్టపుపాలెం, అంటే చేపలు పట్టేవాళ్ల పల్లె, ఉంటుంది. వలలు బాగుచేసుకునేవాళ్లు, చేపలు ఎండబెట్టుకునేవాళ్లు, సాయంత్రం ఇసుకలో బ్యాటు పట్టుకు తిరిగే పిల్లలు ఉంటారు. వాళ్లందరినీ తీసేస్తే తప్ప నీ తపస్వి నిలబడడు. వాళ్లను తీసేసే హక్కు నీకు లేదు, నాకూ లేదు.

నీ రాతలో నాకు బాగా నచ్చింది స్తంభం చుట్టూ అడ్డంగా వేసిన రంగు పట్టీల గురించి రాసిన చోటు. అది పదకొండో పేజీలో ఎక్కడో దాక్కుంది. ఇసుకలో నిలబడి చూస్తే సముద్రపు అంచు సరిగ్గా మన కంటి ఎత్తులో ఉంటుందనీ, కాబట్టి స్తంభం దాదాపు అంతా ఆ గీతకు పైనే ఉండి, పట్టీల అంచులన్నీ పైకి వంపు తిరిగి కనిపిస్తాయనీ, పైకి పోయేకొద్దీ ఆ వంపు పెరుగుతుందనీ రాశావు. మొదట్లో అడ్డంగా తిన్నటి గీతలు గీస్తే స్తంభం పలక మాదిరి చదునుగా వచ్చిందట. నీడపడ్డ తెలుపు బూడిదరంగు కాదనీ, ఒక పక్క ఆకాశపు నీలం, కింది నుంచి ఎండ తగిలిన ఇసుక పసుపు దాంట్లో కలుస్తాయనీ రాశావు. చదివాక కళ్లు మూసుకుంటే నాకు ఆ గుండ్రటి గోడ కనబడింది. నీ పుస్తకం అక్కడ మొదలవ్వాలి. నీ బాల్యం, నీకు రంగుల మీద ఇష్టం ఎట్లా పుట్టిందన్నది తరవాత చూసుకోవచ్చు. అసలు లేకపోయినా నష్టం లేదు.

అక్కడే ఇంకో సంగతి చేర్చు. ఆ పట్టీలు అలంకారానికి వేసినవి కావు. రాత్రిపూట ఒక్కో దీపానికి ఒక్కో లెక్క ఉంటుంది. ఎన్ని సెకన్లకు ఎన్నిసార్లు మెరుస్తుందన్నది ఓడవాళ్ల పట్టికలో రాసి ఉంటుంది. ఆ లెక్క చూసి ఇది ఫలానా దీపం అని తెలుసుకుంటారు. పగలు ఆ పని చేసేవి స్తంభం ఆకారం, దాని రంగులు, పట్టీలు. నీ మూడో బొమ్మలో ఒక పట్టీ తగ్గింది. అదే చోటి నుంచి తీసిన ఫొటోతో పోల్చి చూశాను. కూర్పు అందంగా రావడానికి తగ్గించానని కింద రాసుకున్నావు. ఒప్పుకోను. పట్టీ తగ్గితే అది ఇంకో దీపం అవుతుంది. మబ్బుల్ని నీ ఇష్టం వచ్చినట్టు వేసుకో, పడవను పక్కకు జరుపుకో, ఎవరూ అడగరు. ఆ స్తంభాన్ని మాత్రం ఉన్నది ఉన్నట్టు వేయాలి. రాతలోనూ అంతే. గాలి గురించి నీ మనసుకు తోచింది రాయి. ఊరి పేరు, సంవత్సరం, ఎత్తు, దూరం దగ్గర మాత్రం నీ ఇష్టం చెల్లదు.

ఇంత పొడుగు స్తంభాలు ఎందుకని ఒకచోట అడిగి, జవాబు చెప్పకుండా వదిలేశావు. చెప్పు. విశాఖ తట్టు ఒడ్డునే కొండలున్నాయి. డాల్ఫిన్స్ నోస్ మీద దీపం పెడితే సగం ఎత్తు కొండే ఇస్తుంది. మనకు తడ నుంచి చీరాల దాకా ఒడ్డున కొండన్నదే లేదు. ఇసుక, సరుగుడు తోపులు, తాళ్లు, అంతే. తెప్ప మీద నిలబడ్డ మనిషి కన్ను నీటికి 2 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే, భూమి వంపు వల్ల, చదునైన ఒడ్డు 5 కిలోమీటర్లు దాటాక ఆయనకు కనబడదు. అదే 30 మీటర్ల ఎత్తున వెలిగే దీపమైతే 26 కిలోమీటర్ల అవతల నుంచి కూడా కనబడుతుంది. ఇంటికి దారి తెలియడానికీ తెలియకపోవడానికీ మధ్య ఆ 21 కిలోమీటర్లు ఉన్నాయి. ఇది చదివితే పాఠకుడు నీ బొమ్మలోని ఎత్తును వేరేగా చూస్తాడు.

చరిత్ర అధ్యాయం బడి పుస్తకంలా ఉంది. సంవత్సరాలన్నీ ఒకచోట కుప్ప పోశావు. ఒక్కో సంగతినీ అది జరిగిన చోటికి తీసుకెళ్లి పెట్టు. దుగరాజపట్నం సంగతే తీసుకో. జిల్లాల హద్దులు ఎటు మారినా మా తరానికి అది నెల్లూరు జిల్లా రేవే. ఇంగ్లీషు కంపెనీ వాళ్లు 1626లో అక్కడ దిగి, ఆర్మగాన్ అని పిలుచుకుని, కోట కట్టుకున్న వర్తకస్థావరం పెట్టారు. అక్కడి నుంచి దక్షిణానికి వెళ్లిన కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే 1639లో చెన్నపట్నం స్థలం సంపాదించాడు. ఆ ఒడ్డుకు ఎదురుగా సముద్రంలో పెద్ద ఇసుకమేట ఉంది. ఓడలకు అది ప్రమాదం. ఆర్మగాన్ లైట్‌హౌస్‌ను గీసేటప్పుడు నువ్వు వేసిన ఖాళీ నీలం ఖాళీ కాదు, దానికింద ఆ మేట ఉంది. ఆ మాట అక్కడ చెబితే చరిత్ర దానంతటదే బొమ్మలోకి వస్తుంది.

పాతకాలపు రేవు మోటుపల్లికి వెళ్లానన్నావు గానీ శాసనం గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టావు. ఎంత పెద్ద సంగతిని ఎంత చిన్నగా దాటేశావు! గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాగేసుకునేవాళ్లు. అట్లా చేయననీ, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోననీ కాకతీయ గణపతిదేవుడు 1244లో వర్తకులకు అభయమిచ్చాడు. సముద్రం ముంచినవాణ్ని గట్టు కూడా ముంచకూడదని మన తీరంలో రాతిమీద చెక్కించిన మాట అది. లైట్‌హౌస్ కట్టించేవాళ్ల బుద్ధి కూడా అదే. మోటుపల్లిలో లైట్‌హౌస్ లేదు కదా అని సందేహించకు. నీ పుస్తకంలో దానికి చోటుంది. ఆ రాయి దగ్గర కూర్చుని, అక్షరాల మీద పడే ఎండను గీసుకురా.

ఇక ‘తీరాన్ని కాపాడుకుందాం’ అన్న చివరి అధ్యాయం. నాకు బాధ కలిగింది ఇక్కడే. నువ్వు ప్రాణం పెట్టే విషయం ఇదే, నీ రాత నీరసపడిందీ ఇక్కడే. వారసత్వం, బాధ్యత, భావితరాలు అన్న మాటలు తప్ప ఆ పేజీల్లో ఇసుక లేదు, నీళ్లు లేవు. తీరం ఎట్లా పోతుందో చూపించకుండా కాపాడమంటే ఎవరు వింటారు?

మన తీరం వెంబడి ఇసుక నడుస్తూ ఉంటుంది. ఏడాది మొత్తం మీద చూస్తే దాని నడక దక్షిణం నుంచి ఉత్తరానికి. సముద్రంలోకి అడ్డంగా రాతికట్ట వేస్తే ఆ నడక ఆగుతుంది. కట్టకు దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. చెన్నై రేవు కట్టాక మెరీనా ఒడ్డు వెడల్పయింది, రాయపురం ఒడ్డు కరిగింది. రామాయపట్నంలో 2022లో కొత్త రేవు పని మొదలైంది. రేవు వద్దని రాయమనడం లేదు. ఆ ఊళ్లలో పిల్లలకు పని కావాలి. నువ్వు చేయగలిగింది వేరే ఉంది: రేవుకు ఉత్తరాన ఒక చోటు, దక్షిణాన ఒక చోటు ఎంచుకో. ప్రతి ఏడూ అదే నెలలో, అదే చోట నిలబడి బొమ్మ వెయ్యి. కాగితం వెనక తేదీ, వేళ, ఎక్కడ నిలబడ్డావో, పోటు గీత నుంచి సరుగుడు తోపు దాకా ఎన్ని అడుగులో రాయి. పదేళ్లకు అవి ఒట్టి బొమ్మలుగా ఉండవు. ఒడ్డు ఎంత జరిగిందో అడిగేవాళ్లకు చూపించగలిగే రుజువులవుతాయి.

అమెరికాలో నార్త్ కరోలినా తీరాన కేప్ హాటెరస్ లైట్‌హౌస్ ఉంది. 1870లో కట్టినప్పుడు సముద్రానికి సుమారు 450 మీటర్ల దూరంలో ఉండేది. 1970 నాటికి 40 మీటర్లు కూడా మిగల్లేదు. చివరికి 1999లో ఆ స్తంభాన్ని పట్టాల మీద నెమ్మదిగా జరిపి, దాదాపు 880 మీటర్ల అవతల నిలబెట్టారు. ఒడ్డు ఏ ఏటికి ఎక్కడున్నదో లెక్క ఉంది కాబట్టే ముప్పు ఎంత దగ్గరికి వచ్చిందో తెలిసింది. స్తంభానికి సున్నం కొట్టి, కిందనున్న ఇసుకను వదిలేస్తే కాపాడినట్టు కాదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. దీన్ని పెట్టుకో. కానీ అధ్యాయం దాంతో మొదలుపెట్టకు, మన ఒడ్డుతోనే మొదలుపెట్టు.

మన ఒడ్డంటే దిబ్బలు కూడా. నీ బొమ్మల్లో దిబ్బలన్నీ ఒకే పసుపు పూత. దగ్గరికి పోయి చూడు. ఇసుక మీద పాకే బాలబంద తీగ, దాని ఊదాపూలు, గుండ్రటి ముళ్లబంతులై గాలికి దొర్లే రావణాసురుడి మీసాలు, మొగలి పొదలు. ఆ వేళ్లే దిబ్బను పట్టి ఉంచేది. రిసార్టు కోసం దిబ్బ చదును చేసినచోట ముందు పోయేవి అవే. తీర నియంత్రణ నిబంధనలు 1991 నుంచి ఉన్నాయి. ఒకసారి చదువుకో, రాసేటప్పుడు ధైర్యం వస్తుంది.

పాలెంలో పెద్దవాళ్లతో కూర్చుని మాట్లాడటం మాత్రం ఎగ్గొట్టకు. జీపీఎస్ వచ్చాక దీపంతో పనేముందని నువ్వు రాశావు, ఎవరినీ అడగకుండా. అడుగు. గట్టుమీది రెండు గుర్తులు, గుడి గోపురమో తాటిచెట్టో, ఒకే వరసలోకి వచ్చినచోట వల వేసే చదువు వాళ్లది. ఫోను ఛార్జింగు అయిపోయిన రాత్రి ఏం చూస్తారో వాళ్లే చెప్పాలి. చెప్పినవాళ్ల మాటను వాళ్ల యాసలోనే ఉంచు, పుస్తకాల తెలుగులోకి దిద్దకు. అడిగి, ఒప్పుకుంటేనే పేరు వెయ్యి. బొమ్మ వేసుకున్నాక వాళ్లకు చూపించు. నీ తప్పులు పట్టేది వాళ్లే.

అచ్చు వేయించడం గురించి అడిగావు. ఇప్పుడే ఆ ఆలోచన వద్దు. ముందు రాయి.

తుపాన్ల రోజులు రాకముందే దుగరాజపట్నం వెళ్లిరా. ఒక్కదానివే పోకు, ఎవరినైనా తోడు తీసుకెళ్లు. స్తంభం ఎక్కాలంటే అక్కడి సిబ్బందిని అడిగి అనుమతి తీసుకో. ఉప్పుగాలికి కాగితం త్వరగా ఆరదు గనక పొద్దున్నే మొదలుపెట్టు. ఆర్మగాన్ అధ్యాయం తిరగరాశాక నాకు పంపు. మూడో బొమ్మ మళ్లీ వేసి, దాన్నీ జత చెయ్యి. మీ అమ్మానాన్నలకు నా నమస్కారాలు చెప్పు.