నాన్న ఒక్కరే వెళ్లి బీరు తాగుతున్నారు, మాన్పించడం ఎలా?

ప్రశ్న: టోక్యోలోని నిషి కసాయిలో ఆరేళ్లుగా ఉంటున్నాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నిరుడు అమ్మ పోయింది. రాజమండ్రిలో ఒంటరిగా ఉన్న నాన్నను మూడు నెలల వీసా మీద తీసుకొచ్చాను. రిటైర్డ్ టీచర్, 66 ఏళ్లు, బీపీ ఉంది. ఒక శనివారం సరదాగా మా వీధి చివరి ఇజకాయకు (బీరు తాగుతూ చిరుతిళ్లు తినే జపనీస్ హోటల్) తీసుకెళ్లాను. ఆ రోజు అమ్మ గురించి, తన ఉద్యోగం తొలి రోజుల గురించి ఏవేవో చెబుతూనే ఉన్నారు. నేను ఫోన్‌లో ఆఫీసు మెసేజ్‌లు చూసుకుంటున్నాను. తర్వాత రెండుసార్లు నాకు చెప్పకుండా ఒక్కరే వెళ్లి బీరు తాగొచ్చారు. అక్కడివాళ్లు అడగని వంటకానికి కూడా బిల్లు వేశారు. ఈ వయసులో ఇదేం పని అని మా ఆవిడ ముందే గట్టిగా అన్నాను. అప్పటి నుంచి ముభావంగా ఉంటున్నారు. శుక్రవారాలు ఆఫీసువాళ్లతో నేనూ వెళ్తాను, కానీ అది ఉద్యోగంలో భాగం. ఊళ్లో తెలిస్తే పరువేం కాను? ఆయన్ని మాన్పించడం ఎలా?

జవాబు: మాన్పించడానికి అక్కడ వ్యసనమేమీ లేదు. బీపీ మాత్రలు వేసుకుంటూ బీరు తాగొచ్చా అన్నది డాక్టర్‌ను అడగండి. వద్దంటే ఊలాంగ్ టీ తాగుతారు, అది ఏ ఇజకాయలోనైనా దొరుకుతుంది. మీరు అడిగినదానికి నా జవాబు ఇంతే.

ఆ 'అడగని వంటకం' ఒతోషి. కూర్చోగానే చిన్న గిన్నెలో తెచ్చిపెట్టి, కూర్చున్నందుకు రుసుములా మూడు నాలుగు వందల యెన్‌లు వేస్తారు. ఆరేళ్లుగా అక్కడున్న మీకు ఇది తెలియదా? మొదటి రోజే ఆయనకు చెప్పి ఉండాల్సింది. మీరు చెప్పని దానికి ఆయన కోడలి ముందు మాట పడ్డారు. జీవితమంతా పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి!

మీరు పొద్దున వెళ్తే రాత్రికి గానీ ఇల్లు చేరరు. టీవీలో వచ్చేది ఆయనకు అర్థం కాదు. నలభై ఏళ్లు పక్కన కూర్చుని కబుర్లు విన్న మనిషి ఇక లేదు. అలాంటాయన ఆ దుకాణం తెర తప్పించి లోపలికి అడుగు పెట్టగానే అందరూ ఒక్కసారిగా 'ఇరషాయిమాసే' అంటారు. చేతికి వేడి తువ్వాలు ఇస్తారు. ఎదురుగా యజమాని బొగ్గుల మీద యాకితోరి (పుల్లకు గుచ్చిన కోడి ముక్కలు) తిప్పుతుంటాడు. పక్క సీటాయన గ్లాసు పైకెత్తి 'కంపాయ్' అంటాడు. భాష రాకపోయినా ఆయన్ని మనిషిగా పలకరించే చోటు అది. మీ ఇంట్లో రోజుకు ఎన్నిసార్లు పలకరిస్తున్నారో లెక్క వేసుకోండి.

పరువు మాట ఎత్తొద్దు. మీరు వారం వారం వెళ్తే పోని పరువు, ఆయన రెండుసార్లు వెళ్తే పోయిందా?

మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది బీరు గురించిన మాట కాదు, ఆ శనివారం గురించి మీరు రాసింది. తండ్రి తన చనిపోయిన భార్య గురించి కొడుకుతో చెప్పుకుంటుంటే కొడుకు ఫోన్ చూసుకున్నాడు. ఏమేం చెప్పారో కూడా మీకు గుర్తు లేదు, 'ఏవేవో' అని రాశారు. మా నాన్నగారు పోయి పదకొండేళ్లు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తీరిగ్గా టీ తాగింది ఒక్కసారే, బస్టాండు పక్క హోటల్లో. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు మీ ఆవిడ ఎదురుగానే 'తప్పు నాది నాన్నా' అనండి. మన ఇళ్లల్లో కొడుకులు తండ్రులకు ఈ మాట చెప్పరు, మీరు చెప్పండి. ఈ శుక్రవారం ఆఫీసువాళ్లకు కుదరదని చెప్పి, ఫోన్ ఇంట్లో పెట్టి, ఆయన్ని అక్కడికే తీసుకెళ్లండి. ఉప్పు రాసి కాల్చిన చేప తెప్పించండి, గోదావరి ఒడ్డున పెరిగిన మనిషికి ఆ రుచి కొత్త కాదు. ఇంకోసారి మీ ఆవిడనూ రమ్మనండి.

ఆయన తిరుగు ప్రయాణానికి ముందు మీకు ఎన్ని శుక్రవారాలు మిగిలాయో చూసుకోండి. కూర్చున్నాక, ఆ రోజు అమ్మ గురించి చెబుతున్నది మళ్లీ మొదటి నుంచి చెప్పమని అడగండి.