రాడార్ మార్చే ముందు దాని కప్లర్ చూడండి

మీ కారులో అడాప్టివ్ క్రూయిజ్ (ముందున్న బండి దూరాన్ని రాడార్‌తో కొలుస్తూ వేగాన్ని దానంతటదే సర్దుకునే వ్యవస్థ) ఒకరోజు బాగానే పనిచేస్తోందనీ, ఇంకోరోజు ఉన్నట్టుండి ఆగిపోతోందనీ, సర్వీసు సెంటర్‌వాళ్లు రాడార్ మొత్తం మార్చాలంటున్నారనీ రాశారు. దయచేసి ఇప్పుడే డబ్బు కట్టకండి. రెండేళ్ల కిందట నాకూ ఇదే జరిగింది.

కుటుంబంతో హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తున్నాం. పంతంగి టోల్ దాటాక క్రూయిజ్ పెట్టాను. నార్కట్‌పల్లి దగ్గర రోడ్డు అతుకు మీద కారు ఒక్క కుదుపు కుదిపింది. మీటర్‌లో హెచ్చరిక వెలిగింది, క్రూయిజ్ వదిలేసింది. మా ముందు లారీ ఉంది. కాలు బ్రేక్ దగ్గరే ఉంది కాబట్టి సరిపోయింది. సూర్యాపేటలో టీకి ఆగి మళ్లీ స్టార్ట్ చేస్తే అంతా మామూలే.

కారులోని తప్పుల కోడ్లు చదివే స్కానర్ పెడితే యూ0235 అనే కోడ్ వచ్చింది. ముందు దూరం కొలిచే సెన్సార్ నుంచి సమాచారం అందడం లేదని దానర్థం. సర్వీసు సెంటర్‌లో దాన్నే 'రాడార్ పోయింది' అన్నారు. కోడ్ చెప్పింది అది కాదండీ, పిలిస్తే పలకడం లేదని మాత్రమే. రాడారే చెడిపోయిందా, దానికి కరెంటు అందడం లేదా, మాట మోసే తీగలో తేడా ఉందా అన్నది మనమే వెతకాలి.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్ అన్న దగ్గరికి మా బావ తీసుకెళ్లాడు. ఆయన స్కానర్ ముట్టుకోకముందే, "ముందు బంపర్‌కి ఎప్పుడైనా టింకరింగ్ చేయించారా?" అని అడిగాడు. చేయించాం, నాలుగు నెలల కిందట.

ఆయన కొలిచిన పద్ధతి మీరు గుర్తుపెట్టుకోండి. కప్లర్, అంటే రాడార్‌కి తీగల్ని కలిపే ప్లగ్, విప్పేసి మీటర్ పెడితే చిలుము పట్టిన తీగ కూడా 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే దాని మీద లోడ్ ఉండదు. అందుకే కప్లర్ పెట్టే ఉంచి, ఇగ్నిషన్ ఆన్ చేసి, వెనక నుంచి సన్నటి సూది మొనతో పిన్నుల్ని తాకి కొలిచాడు. ప్లస్ వైపు బాగుంది. ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య తేడా 0.1 వోల్టు లోపే ఉండాలి. ముందు అలాగే ఉంది. తీగల కట్టను చేత్తో కొంచెం కదిపాడు, 3 వోల్టులకి ఎగిరింది. అదే క్షణంలో స్కానర్‌లో రాడార్ మాయమైంది. కప్లర్ విప్పితే రబ్బరు సీలు పక్కకి జారి ఉంది, లాక్ సరిగ్గా పడలేదు, ఎర్త్ పిన్ను మీద పచ్చగా చిలుము. వానకీ వాటర్ వాష్‌కీ నీళ్లు దిగాయన్నమాట. పిన్ను, సీలు, కూలీ కలిపి రెండు వేలు దాటలేదు. ఆ రాడార్ ఇప్పటికీ అదే.

మీ కారుకీ జబ్బు ఇదే అని నేననడం లేదు. మామూలు క్రూయిజ్ కూడా పట్టడం లేదంటే మొదట బ్రేక్ పెడల్ స్విచ్ చూడండి. ఒకరు పెడల్ నొక్కుతుంటే ఇంకొకరు వెనక లైట్లు గమనిస్తే చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. ఏబీఎస్ లైటు కూడా కలిసి వెలుగుతుంటే చక్రాల దగ్గరి స్పీడ్ సెన్సార్లు, బ్యాటరీ చూపించండి. తీగలు, పిన్నులు అన్నీ సరిగా ఉండి కూడా పలకకపోతే క్యాన్ లైన్, అంటే ఇందాక చెప్పిన మాట మోసే తీగల జత, కొలవాలి: బ్యాటరీ తీసి ఆ రెండు తీగల మధ్య చూస్తే సుమారు 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక చివర తెగినట్టే. కొన్ని కార్లలో ఓబీడీ సాకెట్ (స్కానర్ పెట్టే చోటు) దగ్గర గేట్‌వే అనే మధ్య కంప్యూటర్ అడ్డుంటుంది, అక్కడి కొలత రాడార్ లైన్‌ది కాకపోవచ్చు.

బంపర్ పని మీరూ చేయించి ఉంటే ఇంకొక మాట. చాలా కార్లలో ఈ రాడార్ 77 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది, ఆ తరంగం పొడవు సుమారు 4 మిల్లీమీటర్లు. దాని ముందు లప్పం మందంగా పెట్టినా, మెటాలిక్ పెయింట్ పొరలు ఎక్కువ వేసినా చూపు మసకబారుతుంది. రాడార్‌ని బిగించే బ్రాకెట్ వంగితే మరీ ప్రమాదం. ఒక్క డిగ్రీ పక్కకి తిరిగిందంటే 100 మీటర్ల దూరాన 1.75 మీటర్లు తప్పుతుంది, అంటే మూడున్నర మీటర్ల లేన్‌లో సగం. పక్క లేన్ బండిని చూసి బ్రేక్ వేస్తుంది, మన ముందున్నదాన్ని వదిలేస్తుంది. రాడార్ విప్పి బిగించినా, బ్రాకెట్ కదిలినా క్యాలిబ్రేషన్, అంటే దాని చూపును మళ్లీ సరైన దిశకి సరిచేయడం, చేయించాల్సిందే. దానికి తగిన పరికరాలున్న చోటే చేయించండి, అంచనాతో తిప్పి పెట్టే పని కాదు.

వారంటీ ఉంటే మీరు విప్పకండి. కోడ్ నంబర్, కరెంటు, ఎర్త్ కొలిచిన అంకెలు జాబ్ కార్డు మీద రాసిమ్మని అడగండి. ఆ అంకెలు లేకుండా రాడార్ మార్చడానికి ఒప్పుకోకండి. ఈలోగా క్రూయిజ్ వాడొద్దు. చాలా కార్లలో ముందున్న బండిని చూసి దానంతటదే బ్రేక్ వేసే వ్యవస్థ కూడా ఈ రాడార్ మీదే ఆధారపడుతుంది. అంటే హెచ్చరిక వెలిగినప్పుడు అది కూడా పనిచేయడం లేదేమోనన్న లెక్కతోనే నడపండి, ముందు బండికి మామూలుకన్నా ఎక్కువ దూరం ఇవ్వండి.