నూనె మిల్లు పనికి దిగే ముందు

బిడ్డా,

నారాయణపేట మిల్లును కూలగొట్టనని, అందులోనే దుకాణాలు, పిల్లలు చదువుకునే హాలు, మేడ మీద ఆఫీసు గదులు పెడతానని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నాకు అదే ధ్యాస. మీ నాయినతో కలిసి ఆ కళ్లంలో పల్లికాయ బస్తాల మీద కూర్చుని ఎన్ని చాయ్‌లు తాగానో లెక్కలేదు. ముప్పై ఏండ్లు మున్సిపల్ ఇంజనీరుగా పాత గోడలతో మెలిగినవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదటి రూపాయి కప్పు మీద పెట్టు. పెంకులు జారిన చోట వాన నీళ్లు నేరుగా దూలం కొన మీదికి దిగుతాయి. టేకు దూలం నడిమిట్ల గట్టిగానే కనిపిస్తుంది, గోడలో దూరిన కొన మాత్రం లోపల పొడిపొడి అయి ఉంటుంది. ప్రతి కొననూ ములుకుతో గుచ్చి చూడమను. వెనుక షెడ్డు మీదివి పాత సిమెంటు రేకులు, వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పగలగొట్టనివ్వకు, రంధ్రాలు వేయనివ్వకు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. నీళ్లతో తడిపి, మాస్కులు కట్టుకుని, పగలకుండా రేకుకు రేకు దించాలి. వెల్డింగ్ చేసేవాళ్లు వచ్చే ముందే దూలాల మీది పల్లిచెక్క దుమ్మంతా ఊడ్పించు. నూనె ఇంకిన చోట ఒక్క నిప్పురవ్వ చాలు.

గోడలో మొలిచిన రావి మొక్కను పీకొద్దు. వేరుతో పాటు రాళ్లూ ఊడి వస్తాయి. మొదలు నరికి, వేరు చచ్చాకే ఆ సందు పూడ్చాలి.

ఇక సున్నం సంగతి. ఇది నేను చేసిన తప్పు నుంచి చెబుతున్నాను. ఒక పాత జిన్నింగ్ మిల్లు (పత్తి నుంచి గింజలు తీసే మిల్లు) గోడలు పెళ్లలుగా రాలుతుంటే సిమెంటు ప్లాస్టర్ చేయించాను. రెండు వానాకాలాలు గడిచేసరికి ఉప్పు పొంగి, ప్లాస్టర్ పలకలుగా ఊడింది, దాని వెనుక సున్నం ఇసుకలా రాలింది. రాతిగోడ నేల నుంచి చెమ్మ పీలుస్తుంది, సున్నం ద్వారా బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే చెమ్మ పైకి ఎక్కుతుంది. అందుకే డంగు సున్నమే వాడు. సున్నం గుంటలో కనీసం మూడు వారాలు నాననీ, ఇసుకతో గానుగలో మెత్తగా నూరించు, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలపమను. పూసినాక గోనెపట్టాలు కప్పి రోజూ తడపాలి. పని నెమ్మదిగా సాగుతుందని కంట్రాక్టరు గొణుగుతాడు, లొంగకు. దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టిన పాలమూరు మనుషులు మన చుట్టే ఉన్నారు. గుళ్లకు సున్నం పని చేసిన ముసలి మేస్త్రీని వెతుకు, పక్కన ఇద్దరు కుర్రాళ్లను పెట్టు. పని వాళ్ల చేతికి కూడా వస్తుంది.

కాగితాల విషయంలో తొందరపడకు. మీ చిన్నాన్నల వాటాలు రిజిస్టర్ అయ్యాయా, ఈసీలో, అంటే ఆస్తి మీది లావాదేవీలు, తనఖాలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రంలో, పాత బ్యాంకు తనఖా ఏదైనా ఉందా, కరెంటు బాకీ ఎంత, అన్నీ తేలాలి. మాస్టర్ ప్లాన్‌లో అది పరిశ్రమల జోన్‌లో ఉంటే భూ వినియోగ మార్పిడి లేకుండా దుకాణం తెరవకు. జనం గుమికూడే హాలుకు ఫైర్ అనుమతి కావాలి, కళ్లంలోకి ఫైరింజను తిరిగేంత దారి వదలాలి.

అన్నీ ఒకేసారి నింపకు. రోడ్డు వైపు దుకాణాలు ముందు తెరిస్తే వాటి అద్దె తర్వాతి పనికి వస్తుంది. పెద్ద హాలు చదువుకునే పిల్లలకే ఇవ్వు. ఫంక్షన్ హాలు చేయమని చాలామంది చెబుతారు, డీజే మోతకు మేడ మీద ఆఫీసులు నిలవవు, ఆ పిల్లలూ నిలవరు. ఒక మూల మన నేతగాళ్లకు చీరలు అమ్ముకునే చోటు తక్కువ అద్దెకు ఇస్తే నాకు ఎంతో సంతోషం. నూనె పిండే ఎక్స్‌పెల్లర్ మిషన్‌ను ఇనుప సామానువాడికి తూకానికి వేయకు, ఉన్నచోటే ఉండనీ.

1934లో మొదలైన వరంగల్ ఆజంజాహి మిల్లు మూతపడ్డాక స్థలం ప్లాట్లుగా పోయింది. హైదరాబాద్ సైఫాబాద్ టంకశాల పని 1997లో చర్లపల్లికి తరలిపోయినా, కట్టడం నిలిచి 2022లో మ్యూజియంగా తెరుచుకుంది. వీలైతే ఒకసారి వెళ్లి చూడు.

వానలు మొదలవకముందే నేనూ వస్తాను. పెంకుల దాకా అందే నిచ్చెన ఒకటి తెప్పించి ఉంచు. ఈలోపు ఏ గోడకూ సుత్తె తగలనివ్వకు, ప్రతి గదిని ఫొటోలు తీసి పెట్టు.

మీ కాక